చీకటి మేఘాల తూకం

2017లో ఒక దూరం కొత్తగా తేలింది. హవాయి నుంచి వర్జిన్ దీవుల దాకా విస్తరించిన పది రేడియో డిష్‌లను ఒకే టెలిస్కోపులా పనిచేయించే ఏర్పాటు ఒకటి ఉంది, దాని పేరు వీఎల్‌బీఏ. దాని సాయంతో గిసేలా ఓర్తీస్ లియోన్ బృందం డబ్ల్యూ40 అనే ప్రాంతంలోని లేత నక్షత్రాలను గమనించింది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే క్రమంలో అవి ఆకాశంలో ఎంత పక్కకు జరిగినట్టు కనిపిస్తాయో కొలిచింది. లెక్క తేల్చిన దూరం 436 పార్సెక్‌లు, అంటే దాదాపు 1,420 కాంతి సంవత్సరాలు. శ్రవణా నక్షత్రం వెలిగే అక్విలా మండలం దిక్కున పరుచుకున్న పెద్ద మేఘంలో ఈ డబ్ల్యూ40 ఒక భాగం.

అంతకు రెండేళ్ల ముందు వెరా కోన్యవెష్ బృందం ఆ మేఘంలోనే, త్వరలో నక్షత్రాలు కాగల 446 దట్టమైన ముద్దలను గుర్తించి, ఒక్కొక్కదాని ద్రవ్యరాశిని ప్రకటించింది. ఆ లెక్కలో మేఘం దూరం 260 పార్సెక్‌లు. ఇలాంటి లెక్కల్లో ద్రవ్యరాశి దూరం వర్గాన్ని బట్టి మారుతుంది. 436ను 260తో భాగించి వర్గం కడితే 2.8 వస్తుంది. అంటే ఆ ముద్దల వైపు ఎవరూ మళ్లీ తలెత్తి చూడకుండానే, అవన్నీ 2.8 రెట్లు బరువెక్కాయి.

ఆ బృందం అజాగ్రత్తగా పనిచేసిందని కాదు. మేఘం ఇంకా దూరంగా ఉండే అవకాశాన్ని వాళ్లు తమ వ్యాసంలోనే చర్చించారు. నేను ఈ సంఘటనతో మొదలుపెట్టడానికి కారణం వేరే. నక్షత్రాలు పుట్టే మేఘాలలోని ఇలాంటి దట్టమైన ముద్దలను, అంటే గర్భాలను, ఇంతవరకు ఎవరూ సూటిగా తూచలేదు. తూచడానికి వీల్లేదు కూడా. వాటి గురించి మనకు తెలిసిన ప్రతి అంకె వెనుకా కొలిచిన సంగతి ఒకటి, నమ్మి తీసుకున్న సంగతులు రెండో మూడో ఉంటాయి. ఏది కొలిచాం, ఏది నమ్మాం అని విడదీసుకుంటూ రావడమే ఈ నూరేళ్ల చరిత్ర.

ముందుగా ఇబ్బంది ఎక్కడుందో చెప్పాలి. ఈ మేఘాల్లో అత్యధిక భాగం హైడ్రోజన్ అణువులే. వాటి ఉష్ణోగ్రత 10 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు దిగువన 263 డిగ్రీల సెల్సియస్. రెండు సమానమైన పరమాణువులు కలిసిన హైడ్రోజన్ అణువుకు రెండు కొసలా ఒకే విద్యుత్ స్వభావం. అలాంటి అణువు తిరుగుతున్నా రేడియో తరంగాలను తేలిగ్గా వెలువరించదు. అది మొదటి మెట్టు ఎక్కి వెలగాలన్నా కొన్ని వందల డిగ్రీల వేడి కావాలి. కాబట్టి మేఘంలో బరువంతా మోసే పదార్థమే మౌనంగా ఉంటుంది. మాట్లాడేవి రెండు: బరువులో నూరింట ఒక వంతు ఉండే ధూళి, పదివేల హైడ్రోజన్ అణువులకు ఒకటి చొప్పున ఉండే కార్బన్ మోనాక్సైడ్. ఈ కొద్దిపాటి సాక్షుల మాటను వందల రెట్లు, వేల రెట్లు పెంచి మొత్తం లెక్క కట్టాలి.

18వ శతాబ్దం చివర్లో విలియం హెర్షెల్ వృశ్చికం దిక్కున నక్షత్రాలే లేని జాగాలు చూసి, ఆకాశానికి చిల్లులు పడ్డాయనుకున్నాడు. చిల్లును తూచే ప్రశ్నే రాదు. ఆ అభిప్రాయం శతాబ్దం దాటి నిలిచింది. దాన్ని కదిలించినవాడు ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డ్. నాష్‌విల్‌లో కటిక పేదరికంలో పుట్టి, చిన్నతనంలోనే ఫొటో స్టూడియోలో కూలికి కుదిరిన మనిషి. పాలపుంతను గంటల తరబడి ఫొటో పలకలపై పట్టిన ఓర్పు అక్కడ అలవడిందే అనిపిస్తుంది. ఆయన కూడా చాలాకాలం చిల్లుల వైపే మొగ్గాడు. 1913 వేసవిలో ఒక వెన్నెల లేని రాత్రి, ధనుస్సు రాశిలోని వెలుగు మీదుగా చిన్న చిన్న మబ్బు తునకలు నల్లగా జారిపోవడం చూశాడు. తన పలకలపై ఉన్న నల్లమచ్చలు అచ్చం అలాగే ఉన్నాయని ఆయనకు తట్టింది. 1919లో 182 చీకటి మచ్చల పట్టిక ప్రచురించాడు. అందులో 68వది సర్పధారి మండలంలోని ఒక చిన్న గుండ్రని మచ్చ. ఈ కథలో దానికి తర్వాత పెద్ద పాత్ర ఉంది.

మచ్చ మేఘమే అయితే అందులో ఎంత పదార్థం ఉంది? 1923లో మాక్స్ వోల్ఫ్ ఒక తేలికైన ఉపాయం చెప్పాడు. మచ్చ లోపల ఎన్ని నక్షత్రాలు కనిపిస్తున్నాయో, పక్కనున్న ఖాళీ ఆకాశంలో అంతే వైశాల్యంలో ఎన్ని కనిపిస్తున్నాయో ఎంచి పోల్చాలి. తేడాను బట్టి కాంతి ఎంత మసకబారిందో, దాన్ని బట్టి ధూళి ఎంతో తెలుస్తుంది. పలచని అంచుల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. నడిమధ్యన మాత్రం ఒక్క నక్షత్రమైనా కనిపించదు. ఎంచడానికి ఏమీ లేనప్పుడు చీకటి ఇంతకు తగ్గదు అని చెప్పగలమే తప్ప ఎంతో చెప్పలేం.

1947లో హార్వర్డ్‌లో బార్ట్ బోక్, ఎడిత్ రైలీ ఈ చిన్న గుండ్రటి మేఘాలపై దృష్టి పెట్టి, ఇవి నక్షత్రాలుగా మారే దారిలో ఉన్న ముద్దలని ప్రతిపాదించారు. అప్పటికి రుజువేమీ లేదు. బోక్ పేరు మనకు మరో దారిలోనూ పరిచయం. హైదరాబాద్ నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డ్ చేరిన వైను బప్పు ఆ ఏడాదే ఒక తోకచుక్కను కనుగొన్నాడు. అది బప్పు, బోక్, న్యూకర్క్ అనే ముగ్గురి పేర్లతో నిలిచింది. గుండ్రటి మేఘాల బోక్, ఆ తోకచుక్క బోక్ ఒకరే.

ఈలోగా సిద్ధాంతం తన దారిన తాను నడుస్తోంది. ఒక వాయుముద్ద తన బరువుకు తానే ఎప్పుడు కుప్పకూలుతుందని 1902లో జేమ్స్ జీన్స్ అడిగాడు. ఉష్ణోగ్రత లోపలి నుంచి బయటికి తోస్తుంది, గురుత్వం లోపలికి లాగుతుంది. ఒక హద్దు దాటితే గురుత్వానిదే పైచేయి. బయటి వాయువు ఒత్తిడి మధ్య నిలబడ్డ సమోష్ణ గోళానికి ఆ హద్దును 1955లో రోల్ఫ్ ఎబర్ట్, 1956లో విలియం బోనర్ విడివిడిగా కట్టారు. సమోష్ణ గోళాల గణితానికి కావలసిన ప్రమేయాన్ని 1949లోనే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, గోర్డన్ వేర్స్ పట్టికలుగా అచ్చువేసి ఉంచారు. హద్దు తెలిసింది. దానితో పోల్చడానికి ఆకాశం నుంచి ఒక నమ్మదగిన అంకె రావాలి. అందుకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1970లో రాబర్ట్ విల్సన్, కీత్ జెఫర్ట్స్, ఆర్నో పెంజియస్ కిట్ పీక్‌లోని 36 అడుగుల డిష్‌తో ఓరియన్ దిక్కున కార్బన్ మోనాక్సైడ్ రేడియో గీతను పట్టారు. తరంగదైర్ఘ్యం 2.6 మిల్లీమీటర్లు. మౌన హైడ్రోజన్ తరఫున మాట్లాడే సాక్షి దొరికింది. మేఘాలు ఎంత దూరం పరుచుకున్నాయో, ఎంత వేగంతో కదులుతున్నాయో ఒక్కసారిగా కనిపించాయి. అయితే ఆ గీత మరీ బలమైనది. మేఘం ఉపరితలం దాటి లోపలిది చూపించదు. దట్టమైన గర్భాన్ని చూడాలంటే దట్టమైన చోటే బాగా వెలిగే అణువు కావాలి.

ఆ అణువు అమోనియా. దాని 1.3 సెంటీమీటర్ల గీతను 1968లో చార్లెస్ టౌన్స్ బృందం అంతరిక్షంలో తొలిసారి చూసింది. దాన్ని ఈ పనికి పెట్టినవారు ఫిల్ మయర్స్, ప్రిసిల్లా బెన్సన్. వాళ్ల పద్ధతి నాకు ఎప్పటికీ మెచ్చుకోబుద్ధేస్తుంది. పాలొమార్ ఆకాశ సర్వే ఫొటో ప్రతులను ముందేసుకుని, కళ్లతోనే గాలించి, మేఘాల్లో అన్నిటికన్నా నల్లగా ఉన్న చిన్న చుక్కలను ఎంపిక చేశారు. బార్నార్డ్ చేసిన పనే అది. తర్వాత రేడియో డిష్‌ను ఒక్కొక్క చుక్క వైపు తిప్పారు. దట్టమైన గర్భాలపై 1983 నుంచి వరుసగా వెలువడిన వాళ్ల వ్యాసాలతోనే కోర్ అనే మాట ఈ రంగంలో స్థిరపడింది.

అమోనియా ఒకేసారి రెండు సంగతులు చెబుతుంది. దాని వేర్వేరు గీతల బలాల నిష్పత్తి వాయువు ఉష్ణోగ్రతను తెలుపుతుంది, గీత వెడల్పు లోపలి కదలికల వేగాన్ని తెలుపుతుంది. మయర్స్, బెన్సన్ చూసిన గర్భాలు సుమారు 10 కెల్విన్ దగ్గర ఉన్నాయి. అడ్డంగా పార్సెక్‌లో పదోవంతు. ఘన సెంటీమీటరుకు పదివేలకు మించి అణువులు. లోపలి కదలిక ఎంత నెమ్మది అంటే, చాలావరకు అది వేడి వల్ల కలిగే కదలికే.

ఇక్కడ బరువు కట్టే మొదటి దారి తెరుచుకుంది. గర్భం కూలకుండా, చెదరకుండా నిలబడి ఉందనుకుంటే, కదలికల తోపు గురుత్వపు లాగుడుకు సరిసమానం కావాలి. కదలికల వేగం తెలుసు, వ్యాసార్ధం తెలుసు. ఆ రెండింటితో ద్రవ్యరాశి వచ్చేస్తుంది. సెకనుకు 200 మీటర్ల వేగం, పార్సెక్‌లో ఇరవయ్యో వంతు వ్యాసార్ధం తీసుకుని పాఠకులే లెక్క వేసి చూడవచ్చు. సూర్యుడికి రెండింతల కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఇలా కట్టిన బరువుకు వీరియల్ ద్రవ్యరాశి అని పేరు. దీనికి ధూళితో పని లేదు, అణువుల నిష్పత్తితో పని లేదు. దూరం కూడా వర్గంగా కాకుండా ఒకే ఒక్కసారి లోపలికి వస్తుంది. కానీ గర్భం నిలబడి ఉంది అన్నది ముందే నమ్మాలి. అది నిజంగా నిలబడిందా, కూలుతోందా, చెదిరిపోతోందా అన్నదే కదా అసలు ప్రశ్న! జవాబును ముందే ఒప్పుకుని కట్టిన తూకం ఇది.

అయినా ఆ అంకె పరిమాణం మనసులో నాటుకుంది. ఒకటి, రెండు సూర్యుళ్లంత. నక్షత్రాల బరువు కూడా అంతే. 1983లో ఎగిరిన ఐరాస్ పరారుణ ఉపగ్రహం ఈ గర్భాలను చూసినప్పుడు, దాదాపు సగంలో అప్పుడే పుట్టిన నక్షత్రాలు లోపల రగులుతూ కనిపించాయి. బోక్ ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. 1990లో చిన్న గుండ్రటి మేఘాలను ఐరాస్ వివరాలతో పరిశీలించిన ఒక వ్యాసానికి, బోక్ చెప్పింది నిజమే అన్న అర్థం వచ్చే శీర్షికే పెట్టారు.

రెండో దారి కూడా 1983లోనే స్పష్టపడింది. దాన్ని చూపినవాడు రోజర్ హిల్డెబ్రాండ్, మొదట కణ భౌతిక శాస్త్రజ్ఞుడు, తర్వాత ఆకాశం వైపు వచ్చినవాడు. చల్లని ధూళి కూడా తన ఉష్ణోగ్రతకు తగ్గట్టు సన్నగా వెలుగుతుంది. ఆ వెలుగు మిల్లీమీటరుకు కాస్త తక్కువ తరంగదైర్ఘ్యాల్లో వస్తుంది. ఆ తరంగాలకు గర్భం మొత్తం గాజులా పారదర్శకం. కాబట్టి ముందున్న రేణువూ వెనకున్న రేణువూ కలిసి లెక్కలోకి వస్తాయి. అందిన వెలుగును దూరం వర్గంతో గుణించి, ఆ ఉష్ణోగ్రతలో రేణువు ఎంత వెలుగుతుందో దానితో భాగిస్తే ధూళి బరువు వస్తుంది. దాన్ని నూరుతో గుణిస్తే మొత్తం బరువు. నలభై ఏళ్లుగా ఈ రంగంలో వెలువడే అంకెల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సూత్రం నుంచి వచ్చినవే.

సూత్రం చిన్నదే, అది అడిగేవి మాత్రం మూడు: దూరం, ఉష్ణోగ్రత, ధూళి గుణం. దూరం సంగతి మొదటే చూశాం. 850 మైక్రాన్ల దగ్గర చూస్తూ, నిజంగా 10 కెల్విన్ ఉన్న గర్భాన్ని 15 అనుకుంటే, బరువు సగానికి పడిపోతుంది. అయిదు డిగ్రీల తేడాకు ఒక సూర్యుడు మాయమవుతాడు. ఇక ధూళి రేణువు ఒక గ్రాముకు ఎంత వెలుగు ఇస్తుందన్నది ప్రయోగశాలలో నేరుగా కొలవడానికి మన దగ్గర ఆ ధూళి లేదు. చల్లని గర్భంలో రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి, మంచు పొర కప్పుకుంటాయి. అలాంటి రేణువులకు 1994లో ఫోల్కర్ ఒసెన్‌కోఫ్, థోమస్ హెనింగ్ లెక్కించిన విలువలనే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. పొర లేని రేణువులతో పోలిస్తే అవి కొన్ని రెట్లు వేరు.

ఇన్ని సందేహాల మధ్య 1998లో ఒక ఫలితం వచ్చింది. ఫ్రెడెరిక్ మోట్, ఫిలిప్ ఆంద్రే, రొబెర్టో నేరి స్పెయిన్‌లోని పీకో వెలేతా పర్వతంపై ఉన్న 30 మీటర్ల డిష్‌తో రో ఒఫియుకై మేఘాన్ని 1.3 మిల్లీమీటర్ల దగ్గర చిత్రించారు. నక్షత్రం ఇంకా పుట్టని సుమారు 60 ముద్దలు దొరికాయి. వాటిని బరువు వారీగా పేర్చితే, బరువైనవి తక్కువ, తేలికైనవి ఎక్కువ. ఆ తగ్గుదల ఏ వంపులో ఉందో చూస్తే, 1955లో ఎడ్విన్ సాల్పీటర్ నక్షత్రాల బరువులకు కట్టిన వంపుకు దగ్గరగా ఉంది. నక్షత్రం బరువు అది వెలిగాక కాదు, మేఘం ముక్కలైనప్పుడే నిర్ణయమైపోతోందన్నమాట. ఒక్కొక్క బరువులో రెండు రెట్ల తప్పున్నా, అన్నిటికీ ఒకేలాంటి తప్పయితే వంపు చెదరదు. ఈ ఫలితం బలమంతా అక్కడే ఉంది. దాని బలహీనతా అక్కడే: తప్పు అన్నిటికీ ఒకేలా ఉండాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాత సాక్షి కార్బన్ మోనాక్సైడ్ విశ్వసనీయత కూలింది. వృషభ రాశి మేఘంలోని ఎల్1544 అనే గర్భంలో, కేంద్రం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ ఉండాల్సినదానిలో పదోవంతుకు పడిపోయిందని పావొలా కసెల్లి బృందం 1999లో చూపింది. చలికి ఆ అణువులు ధూళిపై మంచుగా అతుక్కుని మాట్లాడటం మానేశాయి. గర్భం ఎక్కడ అన్నిటికన్నా బరువైనదో, అక్కడే అది తేలిక అని ఆ సాక్షి చెబుతూ వచ్చిందన్నమాట. అంతకుముందు దాని మీద కట్టిన లెక్కలన్నీ తిరిగి చూసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు బార్నార్డ్ 68వ మచ్చ దగ్గరికి వద్దాం. జువావ్ ఆల్వెస్, చార్లెస్ లాడా, ఎలిజబెత్ లాడా వోల్ఫ్ పాత ఉపాయాన్నే కొత్త కళ్లతో తిరిగి పట్టుకున్నారు. మామూలు వెలుగులో ఆ మేఘం నడిమధ్యన మసక దాదాపు 30 మాగ్నిట్యూడ్‌లు, అంటే వెనకున్న నక్షత్రపు కాంతిలో లక్ష కోట్ల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఇవతలికి చేరుతుంది. కానీ పరారుణంలో ధూళి అడ్డు అందులో పదోవంతు. చిలీలోని యూరోపియన్ టెలిస్కోపులతో చూస్తే మచ్చ దాదాపు మాయమైంది, వెనకున్న నక్షత్రాలు ఎర్రబారి బయటపడ్డాయి. చిత్రంలో ఉన్న సుమారు 3,700 నక్షత్రాల్లో వెయ్యి దాకా మేఘం చాటున ఉన్నవే. వాళ్లు నక్షత్రాలను ఎంచలేదు. ఒక్కొక్కటి ఎంత ఎర్రబారిందో కొలిచారు. ప్రతి నక్షత్రం మేఘం గుండా దింపిన ఒక సన్నని పుల్ల లాంటిది, ఆ చోట లోతు చెబుతుంది.

2001లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితం చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కేంద్రం నుంచి అంచు దాకా సాంద్రత తగ్గిన తీరు, అర్ధశతాబ్దం కిందట ఎబర్ట్, బోనర్ కాగితంపై గీసిన గీతకు అతికినట్టు సరిపోయింది. కూలిపోయే హద్దుకు ఆనుకుని ఉన్న గోళం అది. 125 పార్సెక్‌ల దూరం, వాయువుకు 16 కెల్విన్ ఉష్ణోగ్రత తీసుకుంటే బరువు 2.1 సూర్యుళ్లు. ఇక్కడ ఉష్ణోగ్రత ఊహించి ధూళిని తూచనక్కరలేదు. వెనక వెలుగు ఎంత ఆగిందన్నదే ఆధారం.

కానీ మరుసటి ఏడాదే స్టెఫాన్ హోట్‌సెల్ బృందం అమోనియాతో ఆ మేఘం ఉష్ణోగ్రతను మళ్లీ కొలిచి 10 కెల్విన్ అని తేల్చింది. చల్లని వాయువు అంత బరువును మోయలేదు. అదే గోళం అదే గీతపై నిలబడాలంటే మేఘం 125 కాక 80 పార్సెక్‌ల దగ్గరైనా ఉండాలి, లేదా ధూళికీ వాయువుకీ ఉన్న నిష్పత్తి మనమనుకున్నదైనా కాకూడదు. ఒక మెలిక విప్పితే అది ఇంకో చోట బిగిసింది. ఆకాశంలో ఇంత పరిశుభ్రంగా కొలిచిన ముద్ద మరొకటి లేదనుకున్న దాని బరువే, నమ్మి తీసుకున్న అంకెలకు ఇంతగా కట్టుబడి ఉంది.

2007లో ఆల్వెస్ బృందం ఆ చుట్టుపక్కలే ఉన్న పైప్ నెబ్యులాలో 159 గర్భాలను ఇదే పద్ధతిలో తూచింది. బరువుల వంపు నక్షత్రాల వంపు లాగే ఉంది, సుమారు మూడు రెట్లు పైకి జరిగి ఉందంతే. మూడు పాళ్ల గర్భంలో ఒక పాలు నక్షత్రమవుతుందని, మిగతాది చెదిరిపోతుందని దానికి అర్థం చెప్పారు.

ఆకాశపు చిల్లులు చూసిన మనిషి పేరే పెట్టుకున్న హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు 2009 మే 14న ఎగిరింది. 3.5 మీటర్ల అద్దంతో 2013 ఏప్రిల్ దాకా పనిచేసింది. ఎన్నో తరంగదైర్ఘ్యాల్లో ఒకేసారి చూడటం వల్ల ఉష్ణోగ్రతను ఊహించే పని తగ్గి, కొలిచే పని పెరిగింది. బార్నార్డ్ 68 నడుమ 8 కెల్విన్ దగ్గర, అంచున దానికి రెండింతలు అని తేలింది. చూపు దారిలో వెచ్చని అంచూ చల్లని నడుమూ కలిసిపోతే సగటు ఉష్ణోగ్రత ఎక్కువగా కనిపించి, నడిమి బరువు తక్కువగా వస్తుందన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. మొదట చెప్పిన అక్విలా పట్టిక ఈ టెలిస్కోపు ఫలమే.

2018లో ఫ్రెడెరిక్ మోట్ మళ్లీ వచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఆ పోలికను బలంగా చూపిన ఆమే, చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపుతో 5.5 కిలోపార్సెక్‌ల దూరంలో ఉన్న డబ్ల్యూ43-ఎంఎం1 అనే ప్రాంతాన్ని చూసి 131 గర్భాలను తూచింది. ఇక్కడ బరువైన గర్భాలు సాల్పీటర్ వంపు చెప్పినదాని కంటే ఎక్కువ. తన పాత ఫలితానికి హద్దు గీసే కొత్త ఫలితాన్ని తనే ప్రకటించడం ఈ రంగం నిజాయితీకి మంచి ఉదాహరణ. నక్షత్రాల బరువులు గర్భాల బరువుల నుంచే వస్తాయన్న మాటను మన చుట్టుపక్కల ఉన్న చిన్న మేఘాలకు చెప్పినంత ధీమాగా పాలపుంత మొత్తానికి చెప్పడం తొందరపాటని నా అభిప్రాయం.

సూత్రం అడిగే మూడింటిలో దూరం చిక్కు దగ్గరి మేఘాల వరకు చాలా తీరింది. గాయా ఉపగ్రహం ఇచ్చిన కొలతలతో వాటి దూరాలు ఇప్పుడు నూటికి ఐదు పాళ్ల తేడాలోపు తెలుస్తున్నాయి. ఉష్ణోగ్రత సగం తీరింది. ధూళి గుణం తీరలేదు. ఒక్క రేణువు చేతికి రాకుండా అది తీరుతుందని నేననుకోను. అందువల్ల ఇవాళ అచ్చవుతున్న బరువులు రేపు మారతాయి. అక్విలా వ్యాసం చివర రెండు పట్టికలున్నాయి. మొదటిదాంట్లో ఒక్కొక్క గర్భం నుంచి ఎంత వెలుగు అందిందో ఉంది, రెండోదాంట్లో దాని నుంచి కట్టిన బరువు ఉంది. 2017 తర్వాత రెండో పట్టిక మారాల్సి వచ్చింది. మొదటి పట్టికలో ఒక్క అంకె కూడా మారలేదు.